పిట్టల మేత పళ్ళెం, ఉడుతల బెడద: పని డైరీ

ఈ విషయం మీద దొరికే సలహాల్లో చాలావరకు బూడిద రంగు పెద్ద ఉడుతను మనసులో పెట్టుకుని రాసినవి. అది 400 నుంచి 600 గ్రాములు తూగే జంతువు. మా పెరట్లో తిరిగేది వీపు మీద మూడు చారలున్న చిన్న ఉడుత. బరువు 100 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఆ సలహాలను ఉన్నదున్నట్టు దించుకుంటే ఎక్కడెక్కడ బోల్తా పడతామో కింద దశలవారీగా ఉంది. కొలతలు మాత్రమే కావాల్సినవాళ్ళు నాలుగో దశ, అయిదో దశ చూస్తే చాలు.

ఉడుతను పెరట్లోంచి తరిమేయాలని ఈ పని పెట్టుకోలేదు. పళ్ళెం దాకా రానివ్వకుండా ఉంటే చాలు. కాబట్టి బోన్లు, జిగురు అట్టలు, మందులు ఇందులో వెతక్కండి.

## సున్నా దశ: ఎవరు ఎంత తింటున్నారు

కొలవకుండా మొదలుపెడితే చివరికి "తగ్గినట్టే ఉంది" అనుకోవడం తప్ప ఏమీ తేలదు. అందుకని ముందు ఏదీ మార్చకుండా లెక్క మాత్రం కట్టాను.

1. పొద్దున్నే పళ్ళెంలో అన్నీ కలిపి 200 గ్రాముల మేత. కొర్రలు, సజ్జలు, పైన గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు.
2. పళ్ళెం కింద నేల మీద పాత దుప్పటి. రాలినవి విడిగా తూచడానికి.
3. కిటికీ లోపల ఫోన్ నిలబెట్టి వీడియో.
4. మధ్యాహ్నం పళ్ళెం, దుప్పటి రెండూ మళ్ళీ కాటా మీదికి.

పరికరాలు: 1 గ్రాము దాకా చూపించే వంటింటి డిజిటల్ కాటా, టేపు, సుద్దముక్క, ఫోన్.

ఉడుత ఒక్క విడతలో ఎంత తింటుందో తెలియాలి కదా. అందుకు పళ్ళేన్ని కాటాతో సహా పిట్టగోడ మీద వదిలేశాను. అది ఎక్కి పళ్ళెంలోనే కూచుంది, దాంతో దాని బరువు కూడా తేలింది. ఒకటి 94 గ్రాములు, తోక కొన తెగిన ఇంకోటి 107. కూచున్నంతసేపూ అంకె కుదురుగా లేదు. గింజ ఒలిచేటప్పుడు దాని ఒళ్ళంతా అదురుతుంది, ఆ అదురుకి కాటా మీద చివరి అంకె ఆడుతూనే ఉంది. పొద్దుతిరుగుడు గింజను ముందు కాళ్ళతో నిలువుగా పట్టుకుని, కొన కొరికి, పొట్టును రెండు చెక్కలుగా విడదీసి పక్కకు విసిరేస్తుంది. ఆ గింజలు అయిపోతే గానీ కొర్రల జోలికి రాదు. వాటి కోసం వెతుకుతూ కొర్రల్ని వెనక కాళ్ళతో తన్నేస్తుంది. నష్టంలో ఈ తన్నుడు వాటా తక్కువేం కాదు: ఒక విడతలో పళ్ళెంలో తగ్గేది సగటున 6 గ్రాములైతే, అందులో 2 గ్రాములు నేలపాలు.

రాత్రి పూట పోయే మేత వేరే లెక్క. పళ్ళెం చుట్టూ సుద్దపొడి చల్లి చూస్తే పొద్దున్నే అడుగులు కనబడ్డాయి, ముందు కాలికి నాలుగు వేళ్ళు, వెనక కాలికి అయిదు. ఉడుతవీ ఎలకవీ రెండూ అలాగే ఉంటాయి కాబట్టి అడుగుల్ని బట్టి తేల్చలేం. కానీ ఉడుత పగటి జీవి, చీకటి పడితే గూట్లోంచి కదలదు. రాత్రి వచ్చేది ఎలక. ఎలకకు మందు ఒక్కటే: పొద్దు వాలగానే పళ్ళెం లోపల పెట్టేయడం. అప్పటినుంచి అదే చేస్తున్నాను, కింద లెక్కల్లో ఎలక లేదు.

లెక్క (ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా): పెట్టింది 200 గ్రా., మిగిలింది 46 గ్రా. ఉడుతలు 12 విడతలు × 6 = 72 గ్రా. పిట్టలు తిన్నదీ రాల్చిందీ కలిపి 82 గ్రా.

ఇకనుంచి ప్రతి దశ చివరా "ఉడుత వాటా" అని రాసిన అంకెను ఈ 72తో పోల్చి చూడండి.

## మొదటి దశ: బరువు పడితే మూసుకునే డబ్బా

అందరూ ముందు చెప్పేది ఇదే. పిట్ట వాలే కమ్మీ వెనక ఒక మీట, మీట చివర ఎదురుబరువు. కమ్మీ మీద బరువు దాన్ని మించితే ముందున్న రేకు దిగి గింజల్ని కప్పేస్తుంది. చెక్క డబ్బాకు మీట బిగించి, ఎదురుబరువుగా నట్లు, వాషర్లు గుచ్చాను. వాషర్లు తీస్తూ వేస్తూ ఎన్ని గ్రాములకు మూసుకోవాలో మార్చుకోవచ్చు.

ఎన్ని గ్రాములకు పెట్టాలి అన్న దగ్గరే చిక్కు వచ్చింది. మా పెరటి పట్టీ ఇది:

- జినువాయి పిట్ట: 15 గ్రా. దరిదాపు
- పిచ్చుక: 30 గ్రా. దరిదాపు
- ఉడుత: 94, 107 గ్రా. (కొలిచినవి)
- గోరింక: 110 గ్రా. దరిదాపు
- రామచిలక: 120 గ్రా. దరిదాపు
- పావురం: 300 గ్రా. దరిదాపు

బూడిద ఉడుత ఉన్నచోట ఈ డబ్బా ఎందుకు నడుస్తుందో పట్టీ చూస్తేనే అర్థమవుతుంది. అది పావురం కన్నా బరువు, పిచ్చుకకు పది రెట్లు పైమాటే. ఎక్కడో మధ్యలో గీత గీస్తే సరిపోతుంది. మన ఉడుతేమో గోరింకకూ చిలకకూ పక్కనే కూచుంది, మధ్యలో గీత గీయడానికి చోటే లేదు.

గోరింకల్ని, చిలకల్ని వదులుకుని పిచ్చుకలకే పెడదామని 80 గ్రాములకు సరిచేశాను. పిచ్చుకలు ఒంటరిగా రావు. మూడు కలిసి కమ్మీ మీద వాలితే 90 గ్రాములు, రేకు టక్కున దిగుతుంది, మూడూ ఎగిరిపోతాయి. 100కు పెంచితే 94 గ్రాముల ఉడుత దర్జాగా కూచుని తిన్నది.

కమ్మీని పొట్టిగా, ఒక్క పిచ్చుక పట్టేంత చేశాను. అప్పుడు ఉడుత కమ్మీ వాడటమే మానేసింది. డబ్బా కప్పు అంచుకు వెనక కాళ్ళు తగిలించి తలకిందులుగా వేలాడుతూ తిన్నది. ఉడుతకు వెనక కాలి మడమ వెనక్కి తిరుగుతుంది, చెట్టు మీంచి తలకిందులుగా దిగగలిగేది అందుకే. దాని బరువంతా కప్పు మీద, కమ్మీ మీద సున్నా. ఎదురుబరువు ఎంత పెడితే మాత్రం ఏం లాభం?

ఇంకో చిన్న సంగతి. డబ్బాను నైలాన్ తాడుతో వేలాడదీశాను, తాడు కొరికేసింది. ఉడుత ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరకడం దానికి తప్పని పని. ప్లాస్టిక్, నైలాన్, మెత్తటి చెక్క ఏవీ దాని ముందు నిలవవు. వేలాడదీయాలంటే 2 మి.మీ. స్టీలు తీగ వాడండి.

ఉడుత వాటా: 48 గ్రా. (72 నుంచి). తగ్గింది నిజమే, కానీ పిచ్చుకల రాక కూడా సగమైంది. రద్దు. మీట, నట్లు విప్పి పక్కన పెట్టాను.

## రెండో దశ: పంజరం

పళ్ళెం చుట్టూ జాలీ, చిన్న పిట్ట దూరుతుంది, ఉడుత దూరలేదు అన్నది ఊహ. మార్కెట్లో వచ్చే తరహాలో 38 మి.మీ. కన్నున్న జాలీతో చేశాను. పిచ్చుక గూటి పెట్టెకు 32 మి.మీ. రంధ్రం చాలు, కాబట్టి పిచ్చుకలకు ఇబ్బంది లేదు.

ఉడుతకూ లేదు. తల దూరితే ఒళ్ళు దూరినట్టే. మొదటిసారి కాసేపు చుట్టూ తిరిగింది, తర్వాత అక్కడ జాలీ ఉందన్న సంగతే పట్టించుకోలేదు. గోరింకలు, చిలకలు లోపలికి రాలేవు గనక పోటీ కూడా పోయింది.

25 మి.మీ. జాలీకి మారిస్తే మా ఉడుతలు ఆగాయి. పిచ్చుకలూ ఆగాయి. జినువాయిలు మాత్రం వచ్చిపోయాయి. మీ పెరట్లో జినువాయిలే ఎక్కువైతే ఇది పనికొస్తుంది: లోపల వలిసె గింజలు పెట్టండి, అవి ఇష్టంగా తింటాయి, ఉడుతకు వాటి మీద పెద్ద మోజు ఉండదు.

వెడల్పు జాలీని నేను వదిలేయడానికి అసలు కారణం తూకం కాదు. ఉడుత ఒక వైపు నుంచి దూరితే లోపలున్న పిచ్చుకలు బెదిరి జాలీకి కొట్టుకున్నాయి. వీడియోలో రెండు సార్లు చూశాక విప్పేశాను.

ఉడుత వాటా: 38 మి.మీ. జాలీతో 66 గ్రా. 25 మి.మీ. జాలీతో సున్నా, పిచ్చుకలు కూడా సున్నా.

## మూడో దశ: చిట్కాలు, ఒక్కో ముక్కలో

మిరపకారం. దీని వెనకున్న శాస్త్రం గట్టిదే. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్‌ను పసిగట్టే గ్రాహకాన్ని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది, ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. క్షీరదాలకు ఆ గ్రాహకం మండుతుంది, పిట్టల్లో అదే గ్రాహకం క్యాప్సైసిన్‌కు స్పందించదు. చిలక పండుమిరపకాయ కొరుక్కు తినేది అందుకే. ఉడుతలు మొదట్లో మూతి తుడుచుకుని వెళ్ళిపోయాయి కూడా. కానీ పొడి గింజకు అంటుకోదు, గాలికి లేస్తుంది, వానకు కొట్టుకుపోతుంది. రోజూ మేత పోసేది మనుషులు, మనుషులూ క్షీరదాలే. ఇంట్లోవాళ్ళ కళ్ళు మండాక ఈ ప్రయోగం ఆగింది.

స్తంభానికి గ్రీజు, నూనె. చేయలేదు, చేయకండి. పిట్ట ఈకలకు అంటితే ఈకలు అతుక్కుపోతాయి, తడి ఆగదు, ఒంటి వేడి నిలవదు. ఉడుత బొచ్చుకూ అదే గతి.

తీగ మీద తిరిగే సీసాలు. రెండు గుంజల మధ్య తీగ కట్టి, పళ్ళేనికి అటూ ఇటూ ఖాళీ సీసాలు గుచ్చితే, ఉడుత కాలు పెట్టగానే సీసా గిర్రున తిరగాలి. తిరిగింది. అయితే గుంజ నుంచి పళ్ళేనికి మూడడుగులే ఉండటంతో అది సీసాల పైనుంచి ఒక్క దూకులో వచ్చేసింది. గుంజలు దూరంగా నాటేంత చోటుంటే ఇది పనిచేస్తుందనే అనుకుంటున్నాను.

వేరే పళ్ళెం పెట్టి మళ్ళించడం. గోడ దగ్గర ఉడుతలకని విడిగా మేత పెట్టాను. అక్కడా తిన్నాయి, ఇక్కడా తిన్నాయి.

ఇక్కడిదాకా వచ్చాక ఒకటి ఖాయమైంది. బరువుతోగానీ నడుము కొలతతోగానీ రుచితోగానీ ఈ ఉడుతను పిట్టల నుంచి వేరు చేయలేం. మిగిలిన తేడా ఒక్కటే, పిట్టకు రెక్కలున్నాయి. నేల మీంచీ గోడ మీంచీ కొమ్మ మీంచీ అందకుండా పళ్ళేన్ని గాల్లో నిలబెట్టాలి. మిగతా పని అంతా ఈ దారులు మూయడమే.

## నాలుగో దశ: కింది దారి (స్తంభం, గొట్టం)

స్తంభం: 1 అంగుళం జి.ఐ. (జింకు పూత పూసిన ఇనప) పైపు, బయటి కొలత 33 మి.మీ. నేలలో అడుగున్నర దిగేసి చుట్టూ కాంక్రీటు. పైన చెక్క పళ్ళెం, నేల నుంచి 6 అడుగుల ఎత్తు. పళ్ళేనికి రేకు వాడకండి, ఎండకు కాలిపోతుంది.

ఇనప పైపు నున్నగా ఉంది కదా, ఎక్కలేదేమో అనుకుంటే పొరపాటు. సన్నటి పైపును నాలుగు కాళ్ళతో కావలించుకుని ఎగబాకుతుంది. పైపు మధ్యలో వెడల్పాటి గొట్టం తొడిగితే కావలించుకోవడం కుదరదు.

గొట్టం ఎంత ఎత్తులో ఉండాలో తెలియాలంటే నేల మీంచి నిలువుగా ఎంత ఎగురుతుందో చూడాలి. స్తంభానికి సుద్దతో గీతలు గీసి స్లో మోషన్ వీడియో తీశాను. మించి మించి 75 సెం.మీ. గొట్టం పై అంచు అంతకన్నా బాగా పైన ఉండాలి. నేను పెట్టింది: అడుగు అంచు 90 సెం.మీ., పై అంచు 150 సెం.మీ., పళ్ళెం 180 సెం.మీ.

గొట్టం 1: 110 మి.మీ. పి.వి.సి. పైపు, 60 సెం.మీ. పొడవు. రెండు బోల్టులు అడ్డంగా దూర్చి స్తంభానికి తగిలించాను. పైన తెరిచే ఉంచాను, ఎందుకంటే చూసిన బొమ్మల్లో అలాగే ఉంది. స్తంభానికీ గొట్టానికీ మధ్య చుట్టూ 35 మి.మీ. సందు. పెద్ద ఉడుతకు అది చాలదు. మాది కింద నుంచి లోపలికి దూరి, పొగగొట్టంలోంచి వచ్చినట్టు పైన తల బయటపెట్టింది. ఉడుత వాటా 60 గ్రా.

గొట్టం 1, మార్పు: పి.వి.సి. ఎండ్ క్యాప్‌కు 34 మి.మీ. రంధ్రం కోసి పైన మూశాను. లోపలికి దూరినవి కాసేపు గీకి దిగిపోయాయి. ఉడుత వాటా 6 గ్రా. బాగుంది అనిపించింది. ఇక్కడ ఆగి ఉంటే ఈ డైరీ సగంలో అయిపోయేది.

గొట్టం 1, రంగు వేశాక: బూడిద పైపు కంటికి బాగాలేదని ఆకుపచ్చ మ్యాట్ రంగు వేయించారు ఇంట్లోవాళ్ళు. మర్నాటి నుంచే ఉడుతలు గొట్టం బయటి వైపు నుంచి ఎక్కడం మొదలుపెట్టాయి. అప్పుడర్థమైంది: ఈ ఉడుతకు వెడల్పు పెద్ద అడ్డంకి కాదు, నునుపే అడ్డంకి. సిమెంటు గోడను గోళ్ళతోనే ఎక్కేసే జంతువు, మ్యాట్ రంగు గరుకు దానికి చాలు. థిన్నర్‌తో రంగు తుడిచాను. రంగు పోయింది, దాంతో పాటు పి.వి.సి. మెరుపు కూడా పోయింది, ఇంకాస్త గరుకైంది. ఉడుత వాటా 36 గ్రా.

కాబట్టి పి.వి.సి. వాడేవాళ్ళు రంగు వేయొద్దు, ఉప్పుకాగితం తగిలించొద్దు, పైపు మీది అక్షరాల్ని గీకొద్దు. ఎండకు పి.వి.సి. దానంతటదే గరుకెక్కుతుంది, అది వేరే.

గొట్టం 2: జి.ఐ. రేకు. 0.5 మి.మీ. మందం, 15 సెం.మీ. వ్యాసం, 60 సెం.మీ. పొడవు. చుట్టుకొలత 47 సెం.మీ. పైన అతుక్కి ఎంత వదలాలో అడిగితే రేకు పని చేసే ఆయన ముందు అంచుల సంగతి ఎత్తాడు: "అంచులు మడవకుండా ఇవ్వను సార్, రేపు చెయ్యి తెగితే నన్నే తిట్టుకుంటారు." ఆయన చెప్పింది నిజం. మన చెయ్యే కాదు, పిట్ట కాలైనా తెగుతుంది. పైనా కిందా ఒక్కో సెంటీమీటరు మడత.

అతుకు మాత్రం ఒకదాని మీద ఒకటి వేసి పాప్ రివెట్లు కొట్టించాను, తొందరగా అవుతుందని. రేకు అంచు పై నుంచి కింది దాకా అర మి.మీ. మెట్టులా నిలిచింది. ఉడుత దూకి జారింది, ఇంకోసారి జారింది, పక్కకు తిరిగి చూసి ఆ అతుకును పట్టుకుంది. ఒక వైపు గోళ్ళు అతుకు అంచుకు, ఇంకో వైపు కాళ్ళు రివెట్ తలల మీద. వీడియో ఆపి ఆపి చూస్తే తప్ప ఎలా ఎక్కిందో తెలియలేదు. ఉడుత వాటా 18 గ్రా.

గొట్టం 3: అదే రేకు, మడత అతుకు. రివెట్లు లేవు. రెండు అంచుల్ని కొక్కేల్లా మడిచి, ఒకదాన్లో ఒకటి తగిలించి, మడత లోపలి వైపుకు వచ్చేలా సుత్తితో అణిచారు. బయట సన్నటి గీత మిగిలింది, దాన్ని సిలికాన్‌తో నింపి వేలితో నున్నగా లాగాను.

ఇలా చేయించండి:

1. రేకు ముక్క 49.5 × 62 సెం.మీ. (చుట్టుకొలత 47 + అతుక్కి 2.5, పొడవు 60 + అంచుల మడతకు 2).
2. ముందు అంచులు మడవాలి, తర్వాత చుట్టాలి. తలకిందులు చేస్తే మడత విరిగినట్టు అవుతుంది.
3. పై మూతకు 15 సెం.మీ. గుండ్రటి రేకు, మధ్యలో 34 మి.మీ. రంధ్రం. ఎక్కడా 1 సెం.మీ. మించిన సందు ఉండకూడదు.
4. స్తంభానికి 150 సెం.మీ. ఎత్తు దగ్గర హోస్ క్లిప్ (స్క్రూతో బిగించే గుండ్రటి పట్టీ) బిగించి, మూత దాని మీద ఆనేలా గొట్టం దించాలి. గట్టిగా బిగించక్కర్లేదు, కాస్త ఊగితే ఇంకా మంచిది.
5. బయటి వైపు బోల్టు, రివెట్, స్టిక్కర్ ఏదీ ఉండకూడదు.

ఉడుత వాటా, కింది దారి నుంచి: 0.
ఇప్పటిదాకా ఖాయమైన సామాను: జి.ఐ. పైపు ఒకటి, రేకు గొట్టం మూతతో, హోస్ క్లిప్ ఒకటి, చెక్క పళ్ళెం. పనికిరాకుండా మూల పడ్డవి: మీట డబ్బా, రెండు జాలీలు, పి.వి.సి. గొట్టం, రివెట్ల రేకు గొట్టం.

## అయిదో దశ: పక్క దారి, పై దారి

కింది దారి మూసుకోగానే మొత్తం వాటా సున్నా కావాలి. కాలేదు, 24 గ్రాములు పోతూనే ఉన్నాయి. స్తంభం ప్రహరీ గోడకు 5 అడుగుల దూరంలో ఉంది. గోడ పళ్ళెం కన్నా ఎత్తు.

దూకే దూరం కొలవడానికి ఒక స్టూలు మీద గింజలు పెట్టి, గోడ మీంచి దాన్ని అరడుగు అరడుగు చొప్పున జరుపుతూ పోయాను. ఉడుత దూకే ముందు తల పైకీ కిందికీ ఆడిస్తుంది, దూరం అంచనా కట్టుకుంటుందన్నమాట. ఆ తల ఆడించడం ఎక్కువసేపు సాగిందంటే హద్దు దగ్గరపడ్డట్టే.

- ఒకే ఎత్తులో ఉంటే: నాలుగున్నర అడుగులు సునాయాసంగా, 5 అడుగులు కష్టం మీద.
- గోడ 2 అడుగులు ఎత్తుగా ఉంటే: 6 అడుగులు.
- ఆపైన: దూకలేదు. దిగి, నడిచి వెళ్ళి స్టూలు కాళ్ళు ఎక్కింది.

పై నుంచి దూకితే గాల్లో ఉండే సమయం పెరుగుతుంది, దూరమూ పెరుగుతుంది. కాబట్టి గోడ ఎత్తు చూడకుండా దూరం ఒక్కటే పట్టుకుంటే లెక్క తప్పుతుంది. పెద్ద ఉడుతకు చెప్పే సూత్రం నేల నుంచి 5, పక్క నుంచి 7, పై నుంచి 9 అడుగులు. నాకు పక్క నుంచి 8 అవసరమైంది, అంతా ఆ గోడ ఎత్తు మూలంగానే.

స్తంభం తవ్వి 8 అడుగుల దగ్గర మళ్ళీ నాటాను. కాంక్రీటు వేసిన స్తంభం పీకడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. చోటు ఖాయమయ్యేదాకా మట్టి బాగా దట్టించి నిలబెట్టండి, కాంక్రీటు చివర్లో.

కొత్త చోటు కిటికీకి ఎదురుగా వచ్చింది. కిటికీ అద్దానికి మేత పళ్ళెం 3 అడుగుల లోపైనా ఉండాలి, 30 అడుగుల అవతలైనా ఉండాలి. మధ్య దూరంలో ఉంటే బెదిరిన పిట్ట వేగం అందుకుని అద్దానికి కొట్టుకుంటుంది. మాకు రెండూ కుదరలేదు, అందుకని అద్దం బయటి వైపు 5 సెం.మీ. ఎడంతో నిలువు తాళ్ళు కట్టాను. ఉడుతతో సంబంధం లేని పనే, కానీ స్తంభం జరిపే ప్రతివాళ్ళకూ ఎదురయ్యేది.

తర్వాత జామకొమ్మ. పళ్ళేనికి పైన 5 అడుగుల్లో ఒక రెమ్మ ఉంది, అక్కడినుంచి ఉడుత దూకడం కూడా కాదు, చేతులు వదిలేయడమే. 9 అడుగుల దాకా కొట్టించాను.

తర్వాత దండెం. బట్టలారేసే తీగ పళ్ళేనికి నాలుగడుగుల పక్కనుంచి పోతోంది, దాని మీద సర్కస్ చేసుకుంటూ వచ్చింది. దండెం జరపాల్సి వచ్చింది. ఈ నిర్ణయం మీద ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ రాయను.

అన్నిటికన్నా ఎక్కువసార్లు తెరుచుకున్న దారి మాత్రం మనుషులు తెరిచిందే. స్తంభం పక్కన వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీ, ఆనించిన కొబ్బరి చీపురు, బోర్లించిన బకెట్. కుర్చీ వీపు మీంచి ఎగిరితే గొట్టం పై అంచు అందేస్తుంది. స్తంభం చుట్టూ 8 అడుగుల వలయంలో మోకాలెత్తుకు మించిన వస్తువేదీ ఉండకూడదని నేల మీద ఇటుకలతో గీత పెట్టాను. పిల్లి పొంచి ఉండటానికి చాటు లేకపోవడం దీనివల్ల కలిసొచ్చిన లాభం.

ఉడుత వాటా: గోడకు 5 అడుగుల దూరంలో 24 గ్రా. 8 అడుగులకు జరిపాక 12 (కొమ్మ, దండెం). కొమ్మ కొట్టి, దండెం జరిపాక 0. కుర్చీ మరిచిపోయిన పూట 18.

## ఆరో దశ: రాలిన గింజ

పళ్ళెంలో సున్నా అయ్యాక కూడా ఉడుతలు స్తంభం కిందే తిరుగుతున్నాయి. దుప్పటి తూస్తే కారణం దొరికింది: పిచ్చుకలు సజ్జల కోసం కొర్రల్ని, చిలకలు పొద్దుతిరుగుడు కోసం అన్నిటినీ విసిరేస్తున్నాయి. పూటకు 30 గ్రాములు పైగా నేల మీద. నేల మీది గింజ ఉడుతతో ఆగదు, రాత్రికి ఎలకను పిలుస్తుంది, వానలో బూజు పడుతుంది. బూజు గింజ పిట్టలకు విషం.

మార్పులు:

1. మూడు రకాలూ కలిపి పెట్టడం మానేశాను. కలగలుపు మేతలోనే ఏరుకోవడం, విసరడం. ఒక రోజు సజ్జలు, ఒక రోజు పొద్దుతిరుగుడు.
2. పళ్ళేనికి 3 సెం.మీ. అంచు, అడుగున సన్న జాలీ. నీళ్ళు నిలవవు, గింజ జారదు.
3. పళ్ళెం కింద, గొట్టానికి పైన, 45 సెం.మీ. వెడల్పు పట్టుడు తట్ట. దీని అంచు గొట్టం వైపు వంగకుండా చూసుకోండి, లేకపోతే అదే మెట్టవుతుంది.
4. 200 బదులు 120 గ్రాములే పెడుతున్నాను. మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంది, పాతది మిగలదు.

రెండు వారాలకోసారి పళ్ళెం, తట్ట కడగడం. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతులు నీళ్ళు, బాగా కడిగి, ఎండలో పూర్తిగా ఆరాకే మేత. జబ్బు పడ్డ పిట్ట కనబడితే పళ్ళెం కొన్నాళ్ళు తీసేయడమే.

నేల మీద రాలింది: 30 నుంచి 9 గ్రా. ఆ 9 ఉడుతలే తింటున్నాయి, దానికి అభ్యంతరం లేదు.

## ప్రస్తుతం

మొత్తం లెక్క: పెట్టేది 120 గ్రా. పళ్ళెం నుంచి ఉడుత వాటా 0. నేల మీద 9. పట్టుడు తట్టలో దొరికి మర్నాడు మళ్ళీ పళ్ళెంలోకి వెళ్ళేది 14. మిగతా 97 పిట్టలది.

నెలకోసారి చూసుకునేవి: జామకొమ్మ ఎంత పెరిగింది, గొట్టం మీద రెట్టలు, దుమ్ము పేరుకున్నాయా (పేరుకుంటే పట్టు దొరుకుతుంది, తడిగుడ్డతో తుడవాలి), సిలికాన్ గీత ఊడిందా, హోస్ క్లిప్ జారిందా.

తేలని పని ఒకటి ఉంది. గొట్టం కింది మడతలో నీళ్ళు నిలిచి తుప్పు మొదలైంది. తుప్పు అంటే గరుకు, గరుకు అంటే గోళ్ళకు పట్టు. మడతకు కిందివైపు నాలుగు చోట్ల 3 మి.మీ. రంధ్రాలు వేస్తే నీళ్ళు పోతున్నాయి, కానీ మొదలైన తుప్పు ఆగలేదు. అదే 49.5 × 62 కొలతకు స్టెయిన్‌లెస్ రేకు కోయించి తెచ్చాను. ఇది జి.ఐ. కన్నా బిగువు, చేత్తో మడత అతుకు వేయడం కష్టమని రేకాయన ముందే చెప్పాడు. వానలు తగ్గాక ఆయన దగ్గరికే తీసుకెళ్ళాలి.